నెయ్యి ఎవరు పోస్తారు

12 జనవరి 2024, శుక్రవారం. మాగ్డెబుర్గ్

మధ్యాహ్నం రెండింటికి ఎండ అనదగ్గది ఏదో కనబడింది. పసి మనవరాల్ని గడప దాటించడానికి వీల్లేదని మా ఆవిడ హుకుం. నేనూ అల్లుడూ మాత్రం ఎల్బె నది ఒడ్డు దాకా నడిచొచ్చాం. దారిలో మేరీమాత మఠం. రెండు గుండ్రటి బురుజులు, వాటి మధ్య పెద్ద రాతిగోడ. ఈ ఊళ్ళో నిలిచి ఉన్న కట్టడాల్లో ఇదే పాతదంటారు.

1129లో ఆర్చిబిషప్ నోర్బర్ట్ దీన్ని తన సన్యాసులకు అప్పజెప్పాడు. 1134లో ఆయన పోతే ఇక్కడే సమాధి చేశారు. తరవాత ఊరు ప్రొటెస్టెంటు అయిపోయింది. కేథలిక్కులు ఆయన అస్థికల్ని తవ్వి తీసుకుపోయారు. 1627లో అవి ప్రాగ్ చేరాయి. ఇంకో నాలుగేళ్ళకు ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో మాగ్డెబుర్గ్ తగలబడి దాదాపు ఇరవై వేల మంది చచ్చిపోయారు. అంటే ఊళ్ళోవాళ్ళకంటే ముందే ఊరు విడిచి బతికిపోయింది ఒక చచ్చినవాడన్న మాట.

1977లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఈ మఠం చర్చిని కచేరీ హాలు చేసి స్వరకర్త టెలిమాన్ పేరు పెట్టింది. ఆయన 1681లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన పరిశుద్ధాత్మ చర్చి రెండో ప్రపంచ యుద్ధం తరవాత కూడా మిగిలింది. దాన్ని 1959లో అదే ప్రభుత్వం కూల్చేసింది. ఒక చర్చిని పడగొట్టి ఇంకో చర్చికి ఆ పిల్లాడి పేరు పెట్టడంలో ప్రాయశ్చిత్తం ఏమైనా ఉందా? వాళ్ళైతే అలా అనుకుని ఉండరు.

పోయినసారి వచ్చినప్పుడు అందులో ఒక కచేరీ విన్నాను. వేళ్ళు చకచకా కదిలే చోట స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయాయి. నెమ్మదిగా సాగే చోట మాత్రం రాయి కూడా పాడింది. గది ఎంత పెద్దదైతే, అందులో గుడ్డా మెత్తా మనుషులూ ఎంత తక్కువైతే, మోత అంతసేపు నిలుస్తుంది. 1890ల్లో హార్వర్డ్‌లో సేబైన్ అనే అధ్యాపకుడు ఒక థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, లెక్చర్ హాల్లో పరుస్తూ ఈ లెక్క తేల్చాడు. మఠాల్లో పాట అంత నిదానంగా ఎందుకుండేదో ఆ హాల్లో కూర్చుంటే చెప్పకుండానే తెలుస్తుంది. పరిగెత్తితే గోడలు ఒప్పుకోవు.

ఈ మాటే అంటే అల్లుడు, "మామయ్యగారూ, నిదానం సంగతైతే మీకు హాల్బర్‌ష్టాట్ చూపించాలి. అక్కడ ఒక కచేరీ 2640 దాకా నడుస్తుంది" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను.

20 జనవరి, శనివారం, రాత్రి

వేళాకోళం కాదు.

ప్రాంతీయ రైల్లో గంట లోపే హాల్బర్‌ష్టాట్. 1945 ఏప్రిల్ 8న బాంబులు పడి పాత ఊరు చాలా మటుకు పోయింది. మిగిలిన కర్రచట్రాల ఇళ్ళు ఒకటీ అరా, మధ్యలో సోషలిస్టు కాలపు డబ్బాలు. సెయింట్ బుర్ఖార్డి చర్చి ఊరి చివర, పాత కొట్టాల నడుమ ఉంది. బయటినుంచి చూస్తే ధాన్యపు గిడ్డంగి అనుకుంటారు. నిజంగానే గిడ్డంగిగా ఉండేది కూడా. బిషప్ బుర్ఖార్డ్ 1050 ప్రాంతంలో కట్టించాడు. 1208 నుంచి సిస్టర్షియన్ సన్యాసినులు ఉన్నారు. 1810లో, నెపోలియన్ తమ్ముడు జెరోమ్ ఇక్కడ రాజుగా ఉన్న రోజుల్లో, మఠాన్ని రద్దు చేశారు. ఆ తరవాత గడ్డివాము, సారా బట్టీ, సామాన్ల కొట్టు, చివరికి పందుల దొడ్డి.

తలుపు తీయగానే వినిపించింది. "వినిపించింది" అనడం కన్నా మీద పడింది అనాలి. గది గదంతా ఒకటే హోరు. రైలింజను కూత అంత గట్టిగా ఉండదు, ఫ్రిజ్ గుర్రు అంత మెల్లగానూ ఉండదు. లోపల గిలాబు లేదు, బల్లల వరసలు లేవు, బొమ్మలు లేవు. గీకిన ఎముకలా రాయి ఒక్కటే. చర్చికి ఒక పక్క రెక్కలో ఆర్గన్, ఎదుటి రెక్కలో దానికి గాలి ఇచ్చే తిత్తులు. ఆర్గన్ అంటే మాగ్డెబుర్గ్‌లో చూసిన పర్వతం లాంటిది ఊహించుకుని వెళ్ళాను. ఇది మంచం కోళ్ళతో చేసినంత చిన్న చట్రం, దానికి నాలుగైదు మూరలైనా లేని గొట్టాలు కొన్ని. వాయించేవాడు లేడు. నొక్కి ఉంచాల్సిన మీటలకు చిన్న చిన్న ఇసుక సంచులు వేలాడుతున్నాయి. రాత్రింబవళ్ళు ఈ మోత భరించలేమని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మొత్తుకుంటే ఆర్గన్ చుట్టూ గాజు లాంటి అక్రిలిక్ పెట్టె బిగించారట. శబ్దం తగ్గిందిట. తగ్గినదే ఇంత.

అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1985లో పియానో కోసం ఒక ముక్క రాశాడు. 1987లో దాన్ని ఆర్గన్‌కి మార్చాడు. ఎలా వాయించాలంటే సాధ్యమైనంత నెమ్మదిగా. అంతే, ఇంకో వివరం లేదు. గెర్డ్ త్సాఖర్ అనే ఆర్గనిస్టు మొదట వాయించినప్పుడు అరగంట లోపే అయిపోయింది. కేజ్ 1992లో పోయాడు. తరవాత కొందరు ఆర్గనిస్టులు, తత్వవేత్తలు ఒక సమావేశంలో కూర్చుని "సాధ్యమైనంత" అంటే ఎంత అని తర్కించుకున్నారు. పియానో తీగ కొట్టాక స్వరం చచ్చిపోతుంది. ఆర్గన్ అలా కాదు, గాలి ఉన్నంతసేపూ పలుకుతుంది. అందుకని ఆర్గన్ ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు అని తేల్చారు. ఆ "అన్నాళ్ళు" 639 ఏళ్ళు ఎందుకైందో ఇంకోరోజు రాస్తాను, చేతులు కొంకర్లు పోతున్నాయి.

ఇంకొక్క సంగతి మాత్రం ఇవాళే రాయాలి. ఈ స్వరాలు మారవు కదా, ఒకచోట నిలబడి కాసేపు వింటే చాలు అనుకున్నాను. నాలుగడుగులు వేశాను, స్వరం మారింది. గుంజ పక్కకి వెళితే కిందిది పైకి తేలింది. తల కొంచెం తిప్పితే ఒకటి మాయమైంది. మారకుండా మోగే శబ్దం గోడల మీద పడి తిరిగొచ్చి తనలో తానే కలిసి, కొన్నిచోట్ల పెరుగుతుంది, కొన్నిచోట్ల కొట్టేసుకుంటుంది. పుస్తకంలో చదివిన సంగతే. కాళ్ళతో చదవడం ఇదే మొదలు. మాగ్డెబుర్గ్‌లో మనం కూర్చుంటాం, పాట కదులుతుంది. ఇక్కడ పాట కూర్చుంది, మనం కదలాలి. అల్లుడు నన్ను చూసి నవ్వుకున్నాడు, ముసలాయన పిచ్చివాడిలా ఖాళీ చర్చిలో చుట్లు తిరుగుతున్నాడని.

ఫోన్లో రికార్డు చేసి తెచ్చి మా ఆవిడకు వినిపించాను. చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కాసేపు విని, "ఎవరో శ్రుతి పెట్టె కట్టేయడం మర్చిపోయారు. పైగా శ్రుతి కలవలేదు" అంది.

21 జనవరి, ఆదివారం

రాత్రి నిద్రలో కూడా ఆ హోరే. తెల్లారగట్ల లెక్క వేశాను. 1208 నుంచి 1810 దాకా సన్యాసినులు ఆ గదిలో పాడారు. రోజుకు ఏడుసార్లు, రాత్రి లేచి ఒకసారి. ఆరువందల రెండేళ్ళు. యుద్ధాలప్పుడు తెగి ఉండొచ్చు. కానీ 639 ఏళ్ళ కచేరీ అని ప్రపంచమంతా నోరెళ్ళబెడుతోంది గానీ, ఇంచుమించు అంత పొడుగు కచేరీ ఒకటి ఆ గోడల మధ్య అప్పుడే అయిపోయింది. దానికి పత్రికలవాళ్ళు రాలేదు. పాడినవాళ్ళకు కూడా అది కచేరీ అని తెలియదు.

25 జనవరి, గురువారం

రైలు డ్రైవర్ల సమ్మె, దేశమంతా. అల్లుడు ఇంట్లోంచే పని. వడ్లమర మీద ఈగలా నేను ఆయన చుట్టూ. భోజనాల దగ్గర వాదన.

"ఇదంతా గిమ్మిక్కు కాదా బాబూ?" అన్నాను. "మొదట కొంత గిమ్మిక్కే మామయ్యగారూ. 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు, కేజ్ పుట్టినరోజని. స్వరలిపిలో మొదట ఉన్నది విరామం. ఆ విరామమే పదిహేడు నెలలు. 2003 ఫిబ్రవరి దాకా తిత్తుల గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు" అన్నాడు. అమ్మాయి నవ్వలేక పొట్ట పట్టుకుంది, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి పాపం.

నిశ్శబ్దాన్ని కచేరీ చేయడం కేజ్‌కి కొత్త కాదు. 1952లో 4 నిమిషాల 33 సెకన్లు పియానో ముందు ఏమీ వాయించకుండా కూర్చోబెట్టినవాడు. నాకు తెలియని సంగతి ఒకటి అల్లుడు చెప్పాడు. అహ్మదాబాదు సారాభాయిల అమ్మాయి గీత 1946లో న్యూయార్క్ వెళ్ళి కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. బదులుగా ఆయనకు మన సంగీతం గురించి చెప్పింది. సంగీతం ఎందుకు అని ఆయన అడిగితే, మనసును నెమ్మదింపజేసి దైవానికి పాత్రం చేయడానికని తన గురువు చెప్పిన మాట చెప్పింది. వెళ్ళిపోతూ రామకృష్ణ పరమహంస సంభాషణల పుస్తకం ఇచ్చింది. కేజ్ ఆ మాటను జీవితాంతం చెప్పుకుంటూ తిరిగాడు.

అయితే బుర్ఖార్డి చర్చిలో నా మనసు నెమ్మదించిందా? లేదు. బెదిరింది. మన తంబురా కూడా మారదు. కానీ దాని మీద ఎవరో పాడతారని దానికి తెలుసు. దీని మీద పాడేవాడు ఎవడూ రాడు.

5 ఫిబ్రవరి, సోమవారం

ఇవాళ అక్కడ స్వరం మారింది. జనం ఇసకేస్తే రాలనంత అని ముందే తెలుసు కాబట్టి వెళ్ళలేదు. పండగ రోజు గుడికి వెళ్ళడం నాకు మొదట్నుంచీ గిట్టదు. 2022లో ఒక గొట్టం తీసేశారట. ఇవాళ ఒకటి చేర్చారు. రాత్రి వార్తల్లో చూపించారు. ఆ పని నిమిషం పట్టి ఉంటుంది. మధ్యలో ఒకప్పుడు 2013 అక్టోబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా, దాదాపు ఏడేళ్ళు, అసలు మార్పే లేదు.

639 సంగతి. హాల్బర్‌ష్టాట్ పెద్ద చర్చిలో 1361లో నికొలాస్ ఫాబర్ అనే ఆయన ఒక ఆర్గన్ కట్టాడు. పన్నెండు స్వరస్థానాల మీటలున్న వాటిలో దాన్నే మొట్టమొదటిదిగా చెప్పుకుంటారు. ఈ కాలపు కీబోర్డులన్నిటికీ తాత అది. 2000లోంచి 1361 తీసేస్తే 639. వెనక్కి ఎంతో ముందుకి అంత. రచనలో ఎనిమిది భాగాలు, ఒకటి రెండుసార్లు వాయించాలి, మొత్తం తొమ్మిది. ఒక్కోదానికి 71 ఏళ్ళు. మొదటి భాగం 2072లో అయిపోతుంది. అప్పటికి మనవరాలికి నలభై ఎనిమిది అని అల్లుడు అన్నాడు. మా ఆవిడ వెంటనే "ఆ లెక్కలు వద్దు" అని దిష్టి తీసింది.

నాకు ఈ లెక్కకన్నా స్వరకర్త ప్రెటోరియస్ రాసిపెట్టినది ఎక్కువ నచ్చింది. ఆయన 1619లో అచ్చువేసిన పుస్తకంలో ఆ పాత ఆర్గన్ వర్ణన ఉంది, బొమ్మలతో సహా. దానికి ఇరవై తిత్తులు. తొక్కడానికి పది మంది. బొమ్మలో ఆ మనుషులు తిత్తుల మీదికెక్కి, ఒక కాలితో ఒకటి, రెండో కాలితో ఇంకొకటి తొక్కుతూ కనిపిస్తారు. కట్టినవాడి పేరు ఆరున్నర శతాబ్దాలకు పైగా నిలిచింది. ఆ పది మందిలో ఒక్కడి పేరూ లేదు.

8 ఫిబ్రవరి, గురువారం

మూడు రోజులుగా ఇదే తొలుస్తోంది. రాసేస్తే వదులుతుందేమో.

చర్చి గోడల వెంట మనిషి ఎత్తున లోహపు ఫలకాల వరస ఉంది. ఒక్కో ఏడాదికీ ఒక ఫలకం. వెయ్యి యూరోలకు పైన ఇస్తే ఆ ఏడాది మీది. 2187 ఎవరో కొనుక్కోవచ్చు, మనవడి పేరు వేయించవచ్చు. ఆ డబ్బుతోనే కప్పు బాగుచేయడం, కరెంటు, మిగతావన్నీ. చర్చి నిండా అంత ఖాళీ ఉంటే నా కళ్ళు మాత్రం ఆ ఫలకాలకే అతుక్కుపోయాయి. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఉద్యోగం పొడుగునా నేను చేసింది అదే పని. తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, మసి అద్ది, శాసనాల అచ్చు ఊడదీయడం. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. వాటిలో ఎన్నెన్నో ఒకే సంగతి చెబుతాయి. ఫలానా సంవత్సరం, ఫలానా వారు, తమకు పుణ్యంగా, దేవరకు అఖండ దీపం పెట్టారు. ఆచంద్రార్కం.

సూర్యచంద్రులున్నంత కాలం అన్న మాట ఊరికే అనేసి ఊరుకోలేదు వాళ్ళు. దీపం వెలగాలంటే నెయ్యి కావాలి, నెయ్యికి పాడి కావాలి. అందుకని పశువుల్ని ఇచ్చేవారు. తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో ధర స్పష్టంగా ఉంది. ఒక దీపానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు. వాటిని కాపరికి అప్పజెప్పేవారు. చచ్చినదాని బదులు పుట్టినదాన్ని కలుపుకుంటూ మంద లెక్క తగ్గకుండా చూసుకోవడం అతని పూచీ. చోళుల శాసనాల్లో వాటిని చావని, ముసలివి కాని గొర్రెలంటారు. మన వైపు ఆ పూచీ తీసుకున్నవాళ్ళు బోయలు. రోజుకు మానెడు నెయ్యి పోయాలి, తాను పోయాక కొడుకులు, మనవలు పోయాలి. శాసనం మీద దాత పేరు ఉంటుంది, దేవుడి పేరు ఉంటుంది, ఎన్నోచోట్ల ఈ బోయ పేరు కూడా ఉంటుంది. కుర్రతనంలో నేను అచ్చు తీసేటప్పుడు రాజుల పేర్లున్న పంక్తులకే ఎక్కువ మసి అద్దేవాణ్ణి. ఆఫీసులో అందరూ అదే అడిగేవారు.

వెయ్యేళ్ళు కావస్తోంది. రాళ్ళున్నాయి, అక్షరాలున్నాయి. దీపాలు లేవు. ఏ రోజున ఏ బోయ మనవడు నెయ్యి తేవడం మానేశాడో, కరువుకా, యుద్ధానికా, విసుగుకా, చెప్పే శాసనం ఒక్కటీ లేదు. వెలిగించిన తేదీ చెక్కుతారు. ఆరిన తేదీ ఎవరూ చెక్కరు.

అందుకే ఆ 639 నాకు కేజ్ సంగీతంగా కన్నా ఒక పూచీకత్తుగా కనిపిస్తోంది. దాని సంగీతం గొప్పదో కాదో నేను చెప్పలేను. నన్నడిగితే వినసొంపుగా లేదు. కానీ పందుల దొడ్డిగా పడి ఉన్న చర్చికి కప్పు నేయించడానికి ఎవరో ఒక సాకు వెతికారు, ఆరు శతాబ్దాల పాటు తీరని సాకు దొరికింది. స్వరం ఆగకూడదు కాబట్టి కరెంటు పోకూడదు. కరెంటు పోకూడదు కాబట్టి తడి రాకూడదు. తడి రాకూడదు కాబట్టి కప్పు కారకూడదు. కప్పు కారకూడదు కాబట్టి ఎవడో ఒకడు నిచ్చెనెక్కాలి. మాగ్డెబుర్గ్ హాలు కథా ఇంతేగా. సన్యాసులు పోయిన మఠాన్ని టికెట్టు కొన్నవాళ్ళు నిలబెట్టారు. నమ్మకం పోయిన చోట అవసరమైనా ఉండాలి, లేకపోతే గడ్డివామే.

అయితే ఫలకాలన్నీ దాతలవి. బోయ పేరెక్కడ?

17 ఫిబ్రవరి, శనివారం

మళ్ళీ హాల్బర్‌ష్టాట్. పండగ సందడి పోయింది. లోపల మేమిద్దరం, ఇంకో జంట, తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ. నా వయసే ఉంటుంది. కోటు, టోపీ, చేతికి ఉన్ని తొడుగులు. రోజంతా ఆ చలిలో ఆ హోరులో ఎలా కూర్చుంటుందో.

స్వరం మారిన మాట నిజం. పోయిన నెల ఎక్కడ నిలబడితే కిందిది తేలిందో అక్కడ ఇప్పుడు ఇంకేదో ఉంది. గుంజ పక్కన ఒకచోట గొంతుల గుంపులా, చాలామంది ఒకేసారి "ఊఁ" అన్నట్టు వినిపించింది. సన్యాసినులు గుర్తొచ్చారు గానీ అది నా తలకాయలోది.

అల్లుడి చేత అడిగించాను, రాత్రిపూట గాలి యంత్రం ఆగిపోతే ఎవరొస్తారని. ఆవిడకి ప్రశ్న వింతగా తోచింది. కేజ్ గురించి అడుగుతారట అందరూ, 2640 గురించి అడుగుతారట. "ఊళ్ళోవాళ్ళమే. ఎవరు దగ్గరుంటే వాళ్ళు" అంది. మీరెప్పుడైనా వచ్చారా అంటే, పిల్లి దూరిందని ఒకసారి వచ్చానని చెప్పి నవ్వింది.

ఫలకం వద్దు, ఇది కరెంటు బిల్లుకు అని చెప్పి కొంత డబ్బు ఇవ్వబోయాను. అక్కడి డబ్బాలో వేయమంది. ఏదైనా చివరికి అక్కడికే పోతుందట. రసీదు అడిగాను. సర్కారు కొలువు అలవాటు, పోదు. దాత పేరు ఏం రాయమంటారని అడిగింది. నా పేరు వద్దన్నాను. ఆవిడ పేరు అడిగాను. "నాదెందుకు?" అంది. అల్లుడు నా తరఫున ద్రాక్షారామం, బోయలు, గొర్రెలు అంటూ ఏదో చెప్పబోయి జర్మన్‌లో గొర్రె దగ్గర చిక్కుపడిపోయాడు. మొత్తానికి ఆవిడ పేరు చెప్పింది. రసీదు వెనక తెలుగులో రాసుకున్నాను. ఆవిడ ఆ అక్షరాలు చూసి గుండ్రంగా ఉన్నాయంది.

ఇంటికొచ్చాక అల్లుడు, తరవాతి మార్పు 2026 ఆగస్టు 5న, అప్పుడు అందరం కలిసి వెళదాం మామయ్యగారూ అన్నాడు. "అప్పటికి దీనికి రెండున్నరేళ్ళు నాన్నా. ఆ ఇసుక సంచులు చూసిందంటే లాగకుండా ఊరుకుంటుందా?" అంది అమ్మాయి.